నాలుగేళ్ళకు అరిసెలు

మా వైపు పసిపిల్లల ఎదుగుదలను పిండివంటలతో చెప్పుకుంటాం. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. మా పెద్దదానికి ఇవన్నీ ఏడాదిన్నరలోపే చకచకా అయిపోయాయి. సగం వాటికి ఫొటోలు కూడా లేవు. మా చిన్నోడికి ఆ వరస కుదరలేదు. వాడికి స్పాస్టిక్ డైప్లీజియా, అంటే ముఖ్యంగా రెండు కాళ్ళ కండరాలూ బిగుసుకుపోయే రకం సెరిబ్రల్ పాల్సీ. ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నాడు. ఈ ఐదేళ్ళలో ఏది ఎప్పుడు ఎలా వచ్చిందో రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడిప్పుడే రిపోర్టు చేతికొచ్చి, రాత్రిళ్ళు నిద్రపట్టక ఫోన్‌లో వెతుక్కునే తల్లులు ఎందరో ఉంటారని నాకు తెలుసు. వాళ్ళ కోసమే ఇది.

వాడు పుట్టింది 2020 జూలైలో, కరోనా మధ్యలో. ముప్పయ్యో వారానికే వచ్చేశాడు. బరువు పన్నెండు వందల యాభై గ్రాములు. పసికందుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లోకి తల్లిని ఒక్కదాన్నే రానిచ్చేవాళ్ళు. మా ఆయన కొడుకుని మొదట చూసుకున్నది నా ఫోన్‌లోనే. ట్యూబుతో పాలు, గుండెల మీద పడుకోబెట్టుకుని కంగారూ కేర్, నెల తక్కువ పిల్లల కంటి రెటీనాకు చేసే ఆర్‌ఓపీ పరీక్ష, ఇవన్నీ దాటుకుని ఇంటికొచ్చాం. బరువు పెరుగుతుంటే గండం గడిచిందనుకున్నాం.

తేడా మొదట కనిపెట్టింది మా అమ్మ. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, వాటి మీద వాడిని పడుకోబెట్టి లాల పోసేది. ఒంటి మీద నీళ్ళు పడగానే వాడి కాళ్ళు రెండూ నిటారుగా బిగుసుకుని, కత్తెర వేసినట్టు ఒకదాని మీదకొకటి వచ్చేసేవి. “సున్నిపిండి రుద్దుదామంటే తొడల మధ్య చెయ్యి దూరట్లేదే” అనేది. బోర్లా మాత్రం అక్క కంటే ముందే పడ్డాడు. బొబ్బట్లు చేసి వీధంతా పంచాం. పిల్లలు మామూలుగా ముందు తుంటి తిప్పి, ఆ వెనక భుజం తిప్పి, మెలి తిరుగుతూ బోర్లా పడతారట. మావాడు ఒళ్ళు బిగబట్టడంతో మొత్తం మనిషి ఒక్కసారే తిరిగిపోయేవాడు. అది బిగుతు వల్ల వచ్చిందని ఫిజియోథెరపిస్టు తర్వాత చెప్పింది. చెప్పినా ఆ బొబ్బట్ల గురించి నాకు ఇప్పటికీ బాధ లేదు. ఆ రోజు మా ఇంట్లో అందరం నవ్వుతూ ఉన్నాం.

“నెల తక్కువ పిల్లలకు అన్నీ ఆలస్యమే, ఆగి చూడండి” అన్నారు ఒక డాక్టరు. అందులో సగం నిజం ఉంది. నెల తక్కువ పిల్లల వయసు పుట్టిన రోజు నుంచి కాకుండా కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలి. కానీ ఆ లెక్కన చూసినా తొమ్మిదో నెల దాటింది, మావాడు ఆనిస్తే తప్ప కూర్చోవడం లేదు. వేరే డాక్టరుకి చూపిస్తే ఎంఆర్‌ఐ రాశారు. ఆ ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి చిన్నపిల్లల న్యూరాలజిస్టు వివరంగా చెప్పారు. మెదడు మధ్యలో నీరుండే గదుల పక్కన తెల్లని పదార్థం దెబ్బతింది, దాన్ని పీవీఎల్ అంటారు. కాళ్ళకు వెళ్ళే నరాల దారులు ఆ గదులకు బాగా దగ్గరగా పోతాయి, చేతులవి కాస్త ఎడంగా పోతాయి. అందుకే కాళ్ళకు ఎక్కువ, చేతులకు తక్కువ. “ఇది ముదిరే జబ్బు కాదమ్మా. మెదడుకు తగిలిన దెబ్బ అక్కడితో ఆగిపోయింది. కానీ పిల్లాడు ఎదిగేకొద్దీ ఎముక సాగుతుంది, బిగిసిన కండరం అంత తొందరగా సాగదు. మనం చూసుకోవాల్సింది దాన్నే” అన్నారు. అర్థమయ్యేలా చెప్పిన ఆ పది నిమిషాలు నాకు ఎంత ఊరటో. ఏం జరిగిందో తెలిశాక ఏం చెయ్యాలో అడగగలిగాను.

పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీ కేంద్రాలుంటాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలకు అక్కడ పరీక్షలూ థెరపీ ఉచితం. మేం తెనాలి నుంచి గుంటూరు వెళ్ళేవాళ్ళం. తర్వాత ఊళ్ళోనే ఒక ఫిజియోథెరపిస్టు దొరికింది. ఇరవై ఏడెనిమిదేళ్ళ అమ్మాయి. మొదటి రోజే ఒక మాట అంది: “నేను వారంలో రెండు మూడు గంటలు చూస్తానక్కా. మిగతా గంటలన్నీ మీ చేతుల్లోనే ఉంటాడు. ఆ గంటల్లో ఏం చేస్తున్నారో చూపించండి.” పిల్లాడిని ఎత్తుకోవడం దగ్గర్నుంచి అడిగింది. మన వాళ్ళు చంకనెత్తుకుంటారే, ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి వేసి, అలా ఎత్తుకోవడమే వీడికి మంచిదట. కాళ్ళు విడిపోయి ఉంటాయి, తొడల లోపలి కండరం సాగుతుంది. మా అత్తయ్య మొహం వెలిగిపోయింది. చంకన వేసుకు తిరగడం అప్పటికే ఆవిడ పని. ఆ రోజు నుంచి అది ఆవిడ థెరపీ అయింది. గోడ మీద పిల్లిని చూపించడానికీ, పాలబ్బాయితో మాట్లాడించడానికీ, ఇంటి ముందు ముగ్గు వేసినంతసేపూ వాడు ఆవిడ చంకలోనే ఉండేవాడు.

అలాంటి చిన్న చిన్న పద్ధతులే రోజంతా. డైపర్ మార్చేటప్పుడు మడమలు పట్టుకుని కాళ్ళు విడదీయబోతే ఇంకా బిగుసుకుంటాడు. ముందు మోకాళ్ళు పొట్ట వైపు వంచి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు విడదీస్తే వాటంతటవే వదులవుతాయి. లాగు తొడిగేటప్పుడు ఎక్కువ బిగుతున్న కాలు ముందు, తీసేటప్పుడు అది వెనక. నూనె మర్దన చేసుకోవచ్చు కానీ గట్టిగా రుద్దితే బిగుతు పోదు. పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి, ముప్పయి అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే పట్టుకోవాలి. ఆ ముప్పయి అంకెలూ మా పెద్దది లెక్కపెట్టేది. దానికి అప్పుడు నాలుగేళ్ళు. ఇరవై తొమ్మిది తర్వాత ప్రతిసారీ “ఇరవై పది” అనేది. వాడు ఆ మాట కోసమే చూసి పకపకా నవ్వేవాడు. నవ్వినప్పుడు కాలు మళ్ళీ బిగిసేది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

నేను ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. వాడు నిలబడేటప్పుడు మోకాళ్ళు వంగిపోకుండా కట్టే గైటర్లను పాత జీన్సు గుడ్డతో, లోపల ప్లాస్టిక్ బద్దలు పెట్టి, వెల్‌క్రో వేసి నేనే కుట్టాను. ఫిజియో అమ్మాయి చూసి, ఒక బద్ద రెండంగుళాలు కిందకి జరపమంది. అవి కట్టి, పొట్ట దగ్గర టేబుల్ ఆనించి నిలబెడితే, నేను కుడుతున్నంతసేపూ గుండీల డబ్బాతో ఆడుకునేవాడు.

కూర్చోవడం వాడికి ఒక్క రోజులో రాలేదు. ముందు మెడ. తర్వాత గోడ మూలలో రెండు వైపులా ఆనుకుని. తర్వాత కార్నర్ చెయిర్లో. దాన్ని మా వీధి వడ్రంగి బాబాయి రెండు చెక్కలు మూలగా బిగించి, మధ్యలో కాళ్ళు దగ్గరకు రాకుండా గుండ్రటి దిమ్మ పెట్టి చేశాడు. డబ్బులు తీసుకోమంటే వినలేదు. తర్వాత రెండు చేతులూ ముందు నేలకు ఆనించి. ఆ తర్వాత ఒక చెయ్యి ఎత్తి. వేరే పిల్లల్లో అయితే ఇవన్నీ ఎప్పుడు జరిగిపోయాయో తల్లికి కూడా తెలియదు. నాకు ఒక్కోటీ విడివిడిగా తెలుసు. కుడుములు ఎప్పుడు చెయ్యాలని అత్తయ్యకు సందేహం వచ్చింది. “ఆనుకుని కూర్చుంటే కూర్చున్నట్టు కాదేమో అమ్మాయ్” అంది. మా ఆయన “మన కుర్చీలకు వీపులు లేవా అమ్మా, మనం ఆనుకోవట్లేదా?” అన్నాడు. ఆ మూల కుర్చీలో కూర్చున్న వారానికే కుడుములు చేశాం. ఆ ఏడు భోగి రోజు సాయంత్రం అదే కుర్చీలో కూర్చోబెట్టి భోగిపళ్ళు పోశాం. రేగిపళ్ళు, చిల్లర, బంతిపూల రేకలు తల మీద పడుతుంటే వాడు వాటిని పట్టుకోవడానికి చెయ్యెత్తాడు. దిష్టి తియ్యడం మర్చిపోయి అందరం ఆ చెయ్యినే చూస్తున్నాం.

పంచదార చిలకలు అరిసెల కంటే చాలా ముందే వచ్చాయి. రెండేళ్ళు నిండేసరికి ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు. సెరిబ్రల్ పాల్సీ అంటే బుద్ధి మాంద్యమని చాలామంది అనుకుంటారు. కొంతమంది పిల్లలకు అదీ ఉండొచ్చు, చాలామందికి ఉండదు. కాళ్ళను చూసి తెలివిని లెక్కకట్టడం ఎంత అన్యాయమో! మావాడిని ముందు పెట్టుకునే “వీడికి అర్థమవుతుందా?” అని నన్ను అడిగేవాళ్ళు. వాడే సమాధానం చెప్పేవాడు, “అవుద్ది” అని.

ఇక సలహాలు. కడుపుతో ఉండగా గ్రహణం చూశావా అని అడిగినవాళ్ళున్నారు. పావురం రక్తంతో మర్దన చేయించమన్నవాళ్ళున్నారు. మొక్కులకు నేను అడ్డు చెప్పను, నాకూ నమ్మకం ఉంది, తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాం. కానీ ఒక క్లినిక్ వాళ్ళు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నడుస్తాడని లక్షల్లో చెప్పినప్పుడు నిజంగా ఊగిసలాడాం. మా ఆయన పొలం అమ్ముదామన్నాడు. న్యూరాలజిస్టును అడిగితే, రక్త జబ్బుల్లాంటి కొన్నిటికి తప్ప మన దేశంలో స్టెమ్ సెల్ చికిత్సకు అనుమతి లేదని, మిగతావి పరిశోధనగా మాత్రమే చెయ్యాలని, పరిశోధన అయితే డబ్బు అడగకూడదని చెప్పారు. పొలం నిలిచింది. ఈ ముక్క చదివి ఒక్క కుటుంబం ఆగినా నాకు చాలు.

సదరం సర్టిఫికెట్ గురించి కొంచెం చెప్పాలి. “ఇంత చిన్న పిల్లాడికి వికలాంగుడని కాగితం ఎందుకు, రేపు మామూలు అయిపోతే?” అని మా పుట్టింట్లో ఒకటే గొడవ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, సెరిబ్రల్ పాల్సీ అందులో ఒకటి. వైకల్యం 40 శాతం, లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే చాలా హక్కులు వర్తిస్తాయి, దానికి కాగితం కావాలి. వార్డు సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకుని, వాళ్ళు చెప్పిన రోజున ఆసుపత్రికి వెళ్ళాం. ఎంఆర్‌ఐ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, థెరపీ నోట్సు, ఆధార్, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి. పిల్లాడికి పులిహోరో ఇడ్లీయో డబ్బాలో పెట్టండి, చాలాసేపు కూర్చోవాలి. అక్కడ నాకు నచ్చిందొకటుంది. ఆ వరండాలో వీడిని ఎవరూ వింతగా చూడలేదు. చంకకర్రలతో వచ్చిన ఒక పెద్దాయన తన కర్ర ఇచ్చి “పట్టుకో మనవడా” అన్నాడు. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి, పెద్దయ్యాక మళ్ళీ చూస్తామన్నారు.

వికలాంగుల పెన్షన్ మొదట నెలకు మూడు వేలుండేది, 2024 జూలై నుంచి ఆరు వేలు చేశారు. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. థెరపీ ఫీజు, ఆటో ఖర్చు అందులోంచే. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా కూడా తీసుకున్నాం. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకు కూడా వర్తిస్తుంది. ఇది చాలామందికి తెలియదు, అడిగి తీసుకోండి.

మూడేళ్ళు దాటాక ఫిజియో అమ్మాయి ఒక రోజు నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి జీఎంఎఫ్‌సీఎస్ గురించి చెప్పింది. సెరిబ్రల్ పాల్సీ పిల్లల కదలికను ఐదు స్థాయిలుగా చూస్తారు. మావాడిది మూడు. అంటే చేత్తో పట్టుకునే వాకర్‌తో నడవగలడు, దూరాలకు చక్రాల కుర్చీ కావాల్సి రావచ్చు. “ఏ ఆసరా లేకుండా నడుస్తాడా?” అని మా ఆయన అడిగాడు. “ఆ అవకాశం తక్కువన్నా. కానీ వాకర్‌తో బడికి వెళ్తాడు, నేను గట్టిగా చెప్పగలను” అంది. ఇంటికొచ్చే దారిలో బండి మీద ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రి వాడు పడుకున్నాక మా ఆయన “వాకర్ ఎక్కడ దొరుకుతుందో రేపు కనుక్కుంటా” అన్నాడు.

పిక్కలు బాగా బిగిసి, వాడు మునివేళ్ళ మీదే నిలబడేవాడు. కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్లు చేయించాం. దాని పనితనం మూడు నాలుగు నెలలే. ఆ లోపల కండరాన్ని సాగదీసుకోవాలి, లేకపోతే చేయించిన ఫలితం దక్కదు. కొన్ని వారాలు కట్లు వేశారు, తర్వాత చీలమండకూ పాదానికీ తొడిగే ఏఎఫ్‌ఓ స్ప్లింట్లు. స్ప్లింటు తీశాక ఎర్రటి మచ్చ ఇరవై నిమిషాల్లో పోవాలి, పోకపోతే ఒత్తుకుంటోందని అర్థం, వెంటనే సరిచేయించాలి. వాకర్ వెనక నుంచి వచ్చే రకం తీసుకున్నాం. ముందుండే వాకరైతే పిల్లలు దాని మీదకు వాలిపోతారు. వెనకదైతే నడుము నిటారుగా ఉంటుంది.

2025 సంక్రాంతికి పది రోజుల ముందు, వంటింటి గుమ్మం నుంచి నా మిషన్ దాకా వచ్చాడు. నేను లేచి పట్టుకోబోతే “నువ్వు కుట్టుకోమ్మా” అన్నాడు. అత్తయ్య అప్పటికప్పుడు బియ్యం నానబోసింది.

అడుగుల అరిసెలంటే పిల్లాడిని వాటి మీద నడిపించాలి. ఇక్కడొక చిక్కొచ్చింది. వాకర్ చక్రాలు అరిసెల మీద నుంచి పోతే ఎలా? మా ఆయన టేపు పెట్టి చక్రాల మధ్య ఎడం కొలిచాడు. ఆ ఎడంలో పట్టేలా అత్తయ్య అరిసెలను కాస్త చిన్నవిగా, మందంగా చేసింది. తడిపిండి, బెల్లం ఉండపాకం, పైన నువ్వులు. అరిసెల చెక్కలతో నూనె గట్టిగా వత్తి తీసింది, వాడి కాలు జారకూడదని. తెల్లటి పంచె పరిచి ఒకే వరసలో పేర్చాం. తినేవాటి మీద బూట్లేమిటని స్ప్లింట్లు తీసేశాం. నాకు భయం వేసింది, ఉత్త కాళ్ళతో వాడు మళ్ళీ మునివేళ్ళ మీదకు లేస్తాడని. మొదటి అరిసె మీద వేళ్ళ గుర్తులే పడ్డాయి. రెండోదీ అంతే. మూడో దాని మీద ఎడమ మడమ దిగింది. అరిసె వెనక అంచు నలిగి పంచెకు అంటుకుంది. “మడమ పడింది, మడమ పడింది!” అని అత్తయ్య వీధికి వినపడేలా అరిచింది. వాడి అక్క వంగి అరికాలికి అంటుకున్న నువ్వులు చూసి, “తమ్ముడి కాలు కూడా తింటోంది” అంది. వీధిలో పిల్లలందరికీ తలా ఒకటి పంచాం. మడమ దిగిన అరిసె ఎవరికీ ఇవ్వలేదు, అత్తయ్య, నేను చెరి సగం తిన్నాం.

మర్నాడు వాకర్ ముట్టుకోనన్నాడు. అలాంటి రోజులు చాలానే ఉంటాయి. జ్వరమొచ్చినా, ఒక్కసారిగా పొడుగు పెరిగినా నేర్చుకున్నవి కొన్నాళ్ళు వెనక్కి పోతాయి. తుంటి కీలు జారకుండా చూసుకోవడానికి అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించాలి, నొప్పి లేకపోయినా సరే.

బడి దగ్గర మొదట చేదు అనుభవమే. ఒక ప్రైవేటు బడి వాళ్ళు “అలాంటి పిల్లలకు మా దగ్గర సౌకర్యం లేదమ్మా” అని గేటు దగ్గరే పంపేశారు. వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు చట్టమే ఇచ్చింది. చదివి వెళ్ళాను కానీ ఆ గేటు ముందు వాదించాలనిపించలేదు. మా వీధి చివరున్న ప్రభుత్వ బడిలో హెడ్‌మాస్టరు గారు వాడి పేరు అడిగారు, వాకర్ ఏ గుమ్మంలోంచి పడుతుందో చూశారు, చేర్చుకున్నారు. సమగ్ర శిక్షా తరఫున ప్రత్యేక పిల్లలకు చెప్పే ఐఈఆర్‌టీ టీచరు వస్తుంది. ప్రత్యేక పిల్లల కోసమే నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ కూడా ఉంది. మధ్యాహ్న భోజనానికి అందరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, వీడికి అలా కుదరదు. చిన్న బెంచీ వేశారు. వాడొక్కడే వేరుగా కూర్చోవాల్సి వస్తుందేమోనని నేను కిటికీలోంచి చూశాను. అప్పటికే ఇద్దరు పిల్లలు కంచాలు తెచ్చుకుని ఆ బెంచీ ఎక్కేశారు. గుడ్డు ఒలుచుకోవడం వాడికి కాస్త కష్టం, వాళ్ళలో ఒకడు ఒలిచి పెడుతున్నాడు.

ర్యాంపు ఉంది కానీ మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకని వాడు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తున్నాడు. అది తెలిసిన రోజే వాడిని ఇంట్లో గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి ఎంత ఎత్తులో పడుతుందో గీత గీసి కొలిచాను. ఆ కొలతతో అర్జీ రాసి హెడ్‌మాస్టరు గారికి ఇచ్చాం. దసరా సెలవుల్లో మేస్త్రీ వచ్చి గోడకు రెండు గొట్టాలు బిగిస్తానన్నాడు. వడ్రంగి బాబాయి కూడా దగ్గరుండి చూస్తానన్నాడు. గొట్టం కొంచెం కిందకే పెట్టమని చెప్పాను. అదే బడిలో రెండో తరగతిలో ఇంకో పాప ఉంది, ఆమె మావాడి కంటే పొట్టి.